విలువిద్య సాధనకు ఎలాంటి బూట్లు మేలు?

ప్రశ్న: అమలాపురం దగ్గర కొబ్బరితోటలో 70 మీటర్ల దూరానికి రికర్వ్ విల్లుతో (కొనలు ముందుకు వంగి ఉండే విల్లు) సాధన చేస్తున్నాను. మెత్తటి పరుగు బూట్లు వేసుకుంటే, నారి పూర్తిగా లాగి గురి నిలిపే క్షణంలో మడమలు కుంగి ఒళ్లు ముందుకూ వెనక్కూ ఊగుతోంది. బూట్లు మార్చాలాండీ?

జవాబు 1: మార్చండి. ఆ దూరంలో గురి డిగ్రీలో పదో వంతు తప్పినా బాణం సుమారు 12 సెంటీమీటర్లు పక్కకు పోతుంది. లక్ష్యం నడిమధ్యనుండే పది పాయింట్ల వలయం వ్యాసమే 12.2 సెంటీమీటర్లు. అడుగుభాగం పలచగా, చదునుగా, గట్టిగా ఉన్నవి చూసుకోండి.

జవాబు 2: బూట్ల కన్నా ముందు నేలను చూడండి. మన ఒండ్రుమట్టి వానకు జారడమే కాక, బూటు అడుగున బురదగా పేరుకుని ఒక కాలిని ఎత్తు చేస్తుంది. నేనైతే కొబ్బరిపీచుతో గీకేశాకే గీత దగ్గర నిలబడతాను.

ప్రశ్న అడిగినవారు: నిన్న పాత కాన్వాసు బూట్లతో వేశాను. ఊగడం తగ్గిందండీ, గాలి మాత్రం తగ్గలేదు.