ఎనభైల లండన్ ఫ్యాషన్ నిజంగా క్లబ్బుల్లోనే పుట్టిందా?

సూదీదారం అడిగినది:
ఫ్యాషన్ డిజైన్ రెండో సంవత్సరం చదువుతున్నాను. ఎనభైల బ్రిటన్ దుస్తుల మీద సెమినారు పత్రం రాయాలి. ఏది తిరగేసినా "నైట్‌క్లబ్బులే మూలం" అని ఒక్క వాక్యం రాసి, ఆపైన ఫోటోలు పెట్టేస్తున్నారు. క్లబ్బులో మోగే పాటకీ, చొక్కా కుట్టు తీరుకీ సంబంధం ఏమిటి? ఆ రోజులను దగ్గరగా చూసినవారు ఎవరైనా ఉంటే చెప్పగలరా?

గజంబద్ద జవాబు:
అమ్మా, మాది గుంటూరు. 1978 నుంచి పదకొండేళ్లు లండన్ సోహోలో, బెర్విక్ వీధిలో, తానుల బట్ట అమ్మే దుకాణంలో పనిచేశాను. క్లబ్బు గడప ఏనాడూ తొక్కలేదు. నేను చూసిందంతా కౌంటరు వెనక నుంచే.

మా కట్‌పీసుల బుట్టకు మంగళవారం మధ్యాహ్నం విపరీతమైన గిరాకీ ఉండేది. కారణం నాకు చాలా రోజులు అంతుపట్టలేదు. సెయింట్ మార్టిన్స్ ఆర్ట్ కాలేజీ దగ్గరే, నడిచి వచ్చేంత దూరం. అక్కడి పిల్లలు కర్టెన్ల బ్రొకేడు, లైనింగు సాటిను గజమూ గజమున్నరా కొనేవారు. "ఎప్పటికి కుట్టిస్తావు?" అని ఒక కుర్రవాణ్ణి అడిగితే, "నేనే కుట్టుకుంటాను, తొమ్మిదిలోపు" అన్నాడు.

ఆ తొందరంతా గ్రేట్ క్వీన్ వీధిలోని బ్లిట్జ్ అనే వైన్ బారు కోసం. 1979, 80లలో మంగళవారం రాత్రులు వాళ్లవి. గుమ్మంలో స్టీవ్ స్ట్రేంజ్ నిలబడి మనిషిని ఎగాదిగా చూసి పంపేవాడు. రోలింగ్ స్టోన్స్ గాయకుడు మిక్ జాగర్‌నే వెనక్కి తిప్పాడని ఇప్పటికీ కథలుగా చెప్పుకుంటారు. లోపల కోట్లు దాచే గదిలో ఉన్న కుర్రవాడు తర్వాతి రోజుల్లో పాప్ గాయకుడు బాయ్ జార్జ్ అయ్యాడు.

పాట సంగతి అడిగావు. నాది గుడ్డలమ్మేవాడి సిద్ధాంతం: అంతా చెమటను బట్టే. అక్కడ పాటలు వేసే డీజే రస్టీ ఈగన్ వేసేవి క్రాఫ్ట్‌వర్క్ బృందం, గాయకుడు డేవిడ్ బోవీ, అలాంటి సింథసైజరు పాటలు. వాటికి ఒళ్లు హూనమయ్యేలా ఎగరనక్కరలేదు, ఠీవిగా నిలబడితే చాలు. అందుకే వెల్వెట్టు, కుచ్చుల చొక్కా, పైన కోటు, తలమీద టోపీ, ఎన్ని తగిలించుకున్నా సాగింది. ఆ గుంపుకు టోపీలు చేసిన స్టీఫెన్ జోన్స్ 1980లో కోవెంట్ గార్డెన్‌లో దుకాణం తెరిచాడు, ఆ తర్వాత యువరాణి డయానాకూ చేశాడు. అదే ఏడాది బోవీ బ్లిట్జ్‌కు వచ్చి స్ట్రేంజ్‌నూ మరికొందరినీ తన వీడియోలో నటింపజేశాడు. అది టీవీలో వచ్చాక మా దుకాణంలో ఆఫీసు ఆడవాళ్లు కూడా కుచ్చుల బట్ట అడగసాగారు.

ఎనిమిదేళ్లు గడిచేసరికి యాసిడ్ హౌస్ అనే డ్యాన్సు సంగీతం వచ్చింది. షూమ్ అనే క్లబ్బు నడిచింది ఒక వ్యాయామశాలలో! పొగ, ఉక్క, తెల్లవార్లూ ఎగరడం. వెల్వెట్టు వేసుకుంటే మనిషి సొమ్మసిల్లుతాడు. వదులు టీషర్టు, డంగరీలు, తలకు రుమాలు, ఛాతీ మీద పసుపుపచ్చ నవ్వు బొమ్మ. మా బ్రొకేడు తానులకు దుమ్ము పట్టింది.

పాతమిషను జవాబు:
చెమట సిద్ధాంతం బాగుంది కానీ, గజంబద్ద గారూ, 1985లో లెస్టర్ స్క్వేర్‌లో నడిచిన టాబూ క్లబ్బు మాటేమిటి? దాన్ని నడిపిన లీ బావరీ ముఖమంతా రంగు, ఒళ్లంతా తళుకులు పెట్టుకునే గంతులేశాడు కదా. ఇంకొక మాట. ఎనభైలు అనగానే గుర్తొచ్చే భుజాల ప్యాడ్లను క్లబ్బుల ఖాతాలో వేయకండి. వాటిలో ప్యారిస్‌లోని డిజైనర్లు మ్యూగ్లర్, మోంటానాల పాత్ర పెద్దది, టీవీ సీరియళ్లు వాటిని ఇంటింటికీ చేర్చాయి.

సూదీదారం:
ఇద్దరికీ ధన్యవాదాలు. గజంబద్ద గారూ, అంత బట్టకు ఆ విద్యార్థుల దగ్గర డబ్బు ఎక్కడిది?

గజంబద్ద:
ముందు పాతమిషను గారికి: ఒప్పుకున్నాను. లీ బావరీ ఏ గజంబద్దకూ అందడు.

డబ్బంటావా, ఉండేది కాదమ్మా. అప్పట్లో కాలేజీ పిల్లలకు ప్రభుత్వ భృతి వచ్చేది. వారెన్ వీధిలో ఖాళీ ఇళ్లలో చొరబడి, అద్దె కట్టకుండా కాపురముండేవారు. మిగిలిన చిల్లరంతా గుడ్డలకే. అరగజం తగ్గితే వీపు వైపు వేరే గుడ్డ వేసి, దాని మీద కోటు తొడుక్కునేవారు. తొమ్మిదిలోపు అన్న కుర్రవాడైతే అంచు మడతకు జిగురు అడిగాడు, కుట్టే తీరిక లేదట.

2013లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఎనభైల క్లబ్బు దుస్తుల ప్రదర్శన పెడితే మా అమ్మాయి తీసుకెళ్లింది. అంచులు జిగురువా, కుట్టువా అని అద్దానికి ముక్కు ఆనించి మరీ చూశాను. ఆ వెలుతురులో ఏమీ తెలియలేదు.