ఆసుపత్రి పోర్టల్‌లో నాన్నగారి రిపోర్టులు తెరుచుకోవడం లేదు: పాత ఫోన్ నంబర్, రెండు యూహెచ్‌ఐడీలు

నీలగిరి వాసి:

అందరికీ నమస్కారం. నేను నల్లగొండ పట్టణంలో ఉంటున్నాను. మా నాన్నగారు దేవరకొండ దగ్గరి మా ఊళ్లోనే ఉంటారు. ఎంత చెప్పినా పొలం వదిలి రారు. ఆయనకు పదిహేనేళ్లుగా షుగర్, బీపీ ఉన్నాయి. 2023లో కాలి పుండు మానకపోవడంతో హైదరాబాద్‌లోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో తొమ్మిది రోజులు ఉండవలసి వచ్చింది. అప్పటి నుంచి కిడ్నీల పనితీరును తెలిపే క్రియాటినిన్ అనే రక్తపరీక్ష అంకె కొద్దికొద్దిగా పెరుగుతోందని, మూడు నెలలకోసారి వచ్చి పరీక్షలు చేయించుకోవాలని అక్కడి డాక్టర్ గారు చెప్పారు.

ఆ ఆసుపత్రిలో ఇప్పుడు రిపోర్టులు కాగితం మీద ఇవ్వడం మానేశారు. అడిగితే పోర్టల్‌లో చూసుకోమంటున్నారు. పోర్టల్ తెరవాలంటే రిజిస్ట్రేషన్ నాడు ఇచ్చిన మొబైల్ నంబర్‌కు ఓటీపీ వస్తుంది. ఆ రోజు కౌంటర్ దగ్గర నిలబడిన మా తమ్ముడు తన నంబర్ ఇచ్చాడు. పుణెకు పనికి పోయాక వాడు ఆ సిమ్ వదిలేశాడు. అంటే మా నాన్నగారి రిపోర్టుల తాళం చెవి ఇప్పుడు ఎవరి జేబులో ఉందో మాకే తెలియదు.

రెండో చిక్కు ఇంకా విచిత్రమైనది. ఆయన పేరుతో రెండు యూహెచ్‌ఐడీలు, అంటే ఆసుపత్రి రోగికి ఇచ్చే గుర్తింపు నంబర్లు, ఉన్నాయి. 2023లో ఇంటిపేరు ముందు రాసి, వయసు అడిగి అరవై అని వేశారు. మరుసటి ఏడాది వేరే కౌంటర్‌లో ఆధార్ చూసి, ఇంటిపేరు వెనక్కి మార్చి, పుట్టిన తేదీ జనవరి 1 అని వేసి కొత్త నంబర్ ఇచ్చారు. తేదీ తెలియని పెద్దవాళ్లందరి ఆధార్‌లోనూ జనవరి 1 ఉండటం మనకు తెలిసినదే. పాత చేరిక కాగితాలన్నీ ఒక నంబర్ కింద, కొత్త పరీక్షలన్నీ మరో నంబర్ కింద ఉండిపోయాయి.

ఫోన్ నంబర్ ఎలా మార్పించాలి, ఈ రెండింటినీ ఒకటి చేయించడం సాధ్యమేనా, ఈలోగా నల్లగొండలోని డాక్టర్ గారికి ఏ కాగితాలు చూపించాలి అన్నవి నా ప్రశ్నలు. ఫోన్‌లో అడిగితే ఒకరు మరొకరికి లైను కలుపుతున్నారే తప్ప సమాధానం దొరకలేదు.

రికార్డు గది:

నమస్కారం. మాది మిర్యాలగూడ, హైదరాబాద్‌లోని ఒక ఆసుపత్రిలో మెడికల్ రికార్డుల విభాగంలో పని చేస్తున్నాను. మీరు చెప్పినవి మా కౌంటర్ దగ్గర రోజూ ఎదురయ్యేవే.

ఫోన్ ద్వారా నంబర్ మార్చమంటే ఏ ఆసుపత్రీ మార్చకూడదు, మార్చితే మీరే భయపడాలి. మీ నాన్నగారు స్వయంగా ఓపీకి వచ్చిన రోజు, ఆయన ఆధార్ కార్డు, పాత ఓపీ చీటీ లేదా బిల్లు పట్టుకొని రిజిస్ట్రేషన్ కౌంటర్‌లో అడిగితే అక్కడికక్కడే అయిపోయే పని అది. ఆయన రాలేకపోతే, తన తరఫున ఫలానా కొడుకు వస్తున్నాడని ఆయన సంతకం లేదా వేలిముద్రతో ఒక ఉత్తరం, ఇద్దరి గుర్తింపు కార్డుల నకళ్లు తెచ్చుకోండి. వాడుకలో లేని సిమ్ గురించి మీరు ఊరికే ఉండవద్దు. మన దేశంలో రద్దయిన నంబర్‌ను కనీసం 90 రోజుల తర్వాత టెలికాం కంపెనీలు మరొకరికి ఇవ్వవచ్చు. మీ తమ్ముడి పాత నంబర్ ఈపాటికి ఇంకొకరి చేతిలో ఉంటే, మీ నాన్నగారి అపాయింట్‌మెంటు సందేశాలు వాళ్లు చదువుతున్నట్టే, ఓటీపీ కూడా వాళ్లకే పోతున్నట్టే.

రెండు యూహెచ్‌ఐడీలను కలపడం హెల్ప్‌డెస్కు చేసే పని కాదు. దానికి మెడికల్ రికార్డుల విభాగానికే దరఖాస్తు ఇవ్వాలి. మేము దాన్ని మెర్జ్ అంటాము. పేరు, తండ్రి పేరు, చిరునామా, పాత బిల్లులు సరిపోల్చి, రెండూ ఒకే మనిషివని తేల్చుకున్నాకే కలుపుతారు. తొందరపడి ఒకరి రికార్డును మరొకరి దాంట్లో కలిపేస్తే తర్వాత విడదీయడం చాలా కష్టం, అందుకే కొన్ని రోజులు పడుతుంది. దరఖాస్తులో ఏ నంబర్ మిగలాలో కూడా స్పష్టంగా రాయండి. సాధారణంగా ఆధార్ ప్రకారం ఉన్నదాన్ని ఉంచడం మేలు.

ఇంకొక మాట. రిపోర్టు కాగితం మీద ఇవ్వరన్నది పూర్తిగా నిజం కాదు. వైద్యుల వృత్తి ప్రవర్తనపై 2002లో వచ్చిన నిబంధనల ప్రకారం, ఆసుపత్రిలో చేరిన రోగి రికార్డులను చికిత్స మొదలైన నాటి నుంచి మూడేళ్లు భద్రపరచాలి. రోగి గానీ, అతను అధికారమిచ్చిన వ్యక్తి గానీ అడిగితే 72 గంటల్లో నకళ్లు ఇవ్వాలి. మీ నాన్నగారి మొదటి చేరిక 2023 నాటిది కనుక ఆ కేస్ షీటు నకలు కోసం ఇక ఆలస్యం చేయకండి. నకలు రుసుము తీసుకుంటారు, రసీదు అడగండి. ఫోన్ నంబర్ విషయంలో మాత్రం, ఇకపై మీ నంబరే ఇవ్వండి. పెద్దవాళ్లకు ఓటీపీ చదివి చెప్పడం తలనొప్పి.

పాలమూరు బాటసారి:

పై మిత్రులు చెప్పినదానికి ఒక హెచ్చరిక జోడిస్తాను. మా మేనమామది జడ్చర్ల దగ్గరి ఊరు. ఆయన ఆసుపత్రి నంబర్ కోసం ఫోన్‌లో వెతికితే మొదట కనిపించిన నంబర్ ఆసుపత్రిది కాదు. ఎత్తినవాడు ఎంతో మర్యాదగా మాట్లాడి, అపాయింట్‌మెంటు ఖాయం కావాలంటే పది రూపాయలు కట్టాలని ఒక లింకు పంపి, దాని ద్వారా ఒక యాప్ వేయించాడు. పది రూపాయలే కదా అని ఆయన కట్టారు. సాయంత్రానికి బ్యాంకు ఖాతాలోంచి పత్తి అమ్మిన డబ్బులు చాలావరకు పోయాయి. ఇలాంటిది జరిగితే వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబర్ 1930కు ఫోన్ చేయాలని మాకు మరునాడు గానీ తెలియలేదు. ఆలస్యమయ్యే కొద్దీ డబ్బు ఒక ఖాతా నుంచి మరో ఖాతాకు మారిపోతుంటుంది.

కనుక మీరు అక్కడా ఇక్కడా లైను కలిపించుకుంటూ తిరిగేటప్పుడు, ఆసుపత్రి బిల్లు మీద అచ్చయిన నంబర్‌కు మాత్రమే ఫోన్ చేయండి. పోర్టల్ చిరునామా కూడా ఆ బిల్లు మీదిదే కొట్టండి. వాట్సాప్‌లో వచ్చిన యాప్ ఫైలును ఏ ఆసుపత్రి పేరుతో వచ్చినా వేయకండి.

ఓపీ గది డాక్టర్:

నేను నల్లగొండ జిల్లాలో జనరల్ మెడిసిన్ చూస్తాను. మీ మూడో ప్రశ్నకు నా సమాధానం.

ఫోన్‌లో స్క్రీన్‌షాట్లు చూపించే కొడుకులు రోజుకు పది మంది వస్తారు. అందులో సగం వాటిలో పేరు ఉండదు, మిగిలిన సగంలో తేదీ ఉండదు. పోర్టల్ తెరుచుకున్నాక రిపోర్టును పీడీఎఫ్‌గా దింపుకొని, అచ్చు తీయించి, పాతది కింద, కొత్తది పైన ఉండేట్టు ఒక ఫైలులో పెట్టండి. క్రియాటినిన్ విషయంలో ఒక్క అంకెను చూసి నేను ఏమీ చెప్పలేను. మగవారికి సుమారు 0.7 నుంచి 1.3 మిల్లీగ్రాముల దాకా మామూలు అని చాలా ల్యాబులు వేస్తాయి, కానీ 1.4 ఉన్న మనిషికి నిరుడు కూడా 1.4 ఉందా, లేక 0.9 ఉండి ఇక్కడికి వచ్చిందా అన్నదే నాకు కావలసిన సంగతి. హెచ్‌బీఏ1సీ కూడా అంతే. అది గత రెండు మూడు నెలల షుగర్ సగటును చెబుతుంది కనుక, రెండు వారాల తేడాతో తీసిన రెండు అంకెలను పోల్చి బెంగపడటం దండగ.

పోర్టల్‌లో ఒక ఇబ్బంది ఉంది, దాన్ని ఎవరూ చెప్పరు. రక్తపరీక్ష ఫలితం ల్యాబ్ నుంచి నేరుగా మీ తెర మీదికి వచ్చేస్తుంది. దాన్ని డాక్టర్ చూశారో లేదో మీకు తెలియదు. ఎర్ర అక్షరాల్లో ఒక అంకె కనబడగానే రాత్రి పూట మాత్రలు మానేసిన వాళ్లను చూశాను. దయచేసి ఆ పని చేయకండి.

మీ నాన్నగారి ఫైలులో అన్నింటికన్నా ముఖ్యమైనది పోర్టల్‌లో అసలు లేనే లేదని నా అనుమానం. మన దగ్గర ఫ్లోరైడ్ నీళ్ల వల్లనో, పొలం పని వల్లనో కీళ్ల నొప్పులు లేని పెద్దాయన అరుదు. ఊళ్లో ఎవరి దగ్గరో నొప్పుల మాత్రలు తెచ్చుకొని వేసుకుంటుంటారు. వాటిలో చాలావాటికి కిడ్నీలను దెబ్బతీసే గుణం ఉంది, షుగర్, బీపీ ఉన్నవారికి మరీ ఎక్కువ. హైదరాబాద్ డాక్టర్ గారికి ఆ సంగతి ఎవరూ చెప్పి ఉండరు. కనుక ఇంట్లో ఉన్న మాత్రల అట్టలన్నీ, ఖాళీవి కూడా, ఒక సంచిలో వేసుకొని రండి.

మధ్యలో చేయించుకునే పరీక్షలకు ప్రతిసారీ హైదరాబాద్ పోనవసరం కూడా లేదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రక్తం తీసి తెలంగాణ డయాగ్నస్టిక్స్ జిల్లా కేంద్రానికి పంపిస్తారు. ఉచితమే, ఫలితం ఫోన్‌కు సందేశంగా వస్తుంది. అక్కడ కూడా ఇచ్చే ఫోన్ నంబర్ సరైనదేనా అని ఒకటికి రెండుసార్లు చూసుకోండి.

వనపర్తి కోడలు:

రికార్డు గది గారు కొడుకు నంబరే ఇవ్వమన్నారు. ఆయన అనుభవాన్ని నేను కాదనను, కానీ ఆ సలహాతో ఏకీభవించలేను.

మా ఇంట్లో అత్తగారు, నేను, నా తోటికోడలు ముగ్గురమూ ఆసుపత్రికి వెళ్లినప్పుడల్లా మామగారి నంబరే ఇచ్చేవాళ్లం, ఎందుకంటే స్మార్ట్‌ఫోన్ ఆయన దగ్గరే ఉండేది. నేను గర్భిణిగా ఉన్నప్పుడు థైరాయిడ్ పరీక్ష ఫలితం ఆయన ఫోన్‌కు వచ్చింది. ఆయన దాన్ని ఏదో ప్రకటన అనుకొని తుడిచేశారు. మూడు వారాల తర్వాత డాక్టరమ్మ అడిగితే గానీ మాత్ర మొదలుపెట్టాలన్న విషయం నాకు తెలియలేదు. ఇక ఆడవాళ్ల పరీక్షల రిపోర్టులన్నీ ఇంటి పెద్ద ఫోన్‌లో తెరుచుకోవడం ఎంత ఇబ్బందిగా ఉంటుందో వివరించనవసరం లేదు.

ఓటీపీ రావడానికి స్మార్ట్‌ఫోన్ అక్కరలేదు, బటన్ల ఫోన్‌కు కూడా వస్తుంది. మీ నాన్నగారికి ఫోన్ ఉంటే ఆయన నంబరే అసలు నంబర్‌గా ఉండాలి. మీకు రిపోర్టు కావలసినప్పుడు ఆయనకు ఫోన్ చేసి ఆ ఆరు అంకెలు అడగండి. ఏ రిపోర్టు ఎందుకు చూస్తున్నారో ఆ వంకన ఆయనకూ తెలుస్తుంది.

రికార్డు గది:

వనపర్తి సోదరి చెప్పింది న్యాయంగా ఉంది. కౌంటర్‌లో పని తొందరగా తెమలడం గురించే ఆలోచించి అలా రాశాను. చాలా పోర్టళ్లలో రోగి నంబర్ ఒకటి, సహాయకుడి నంబర్ మరొకటి నమోదు చేసే వీలు ఉంటుంది. అదే ఉత్తరంలో రెండూ రాయించండి.

ఆభా గురించి కూడా ఎవరో ఒకరు అడుగుతారు కనుక ముందే చెబుతున్నాను. ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ 2021 సెప్టెంబరు 27న దేశమంతటా మొదలైంది. అందులో ఒక్కొక్కరికి ఇచ్చే 14 అంకెల ఆరోగ్య ఖాతా సంఖ్యే ఆభా. ఆధార్‌తో చేయించుకుంటే ఆధార్‌కు ముడిపడిన ఫోన్‌కే ఓటీపీ వస్తుంది, కాబట్టి ముందు అది ఎవరి నంబరో చూసుకోండి. ఆభా తీసుకోగానే పాత రిపోర్టులన్నీ అందులోకి వచ్చి పడతాయని చాలామంది అనుకుంటారు. రావు. రికార్డులు ఎక్కడివక్కడే ఆసుపత్రిలోనే ఉంటాయి. ఆ ఆసుపత్రి మిషన్‌లో చేరి, మీ సంఖ్యను తన యూహెచ్‌ఐడీకి జోడించిన తర్వాతే యాప్‌లో కనిపిస్తాయి. వేరే డాక్టర్ చూడాలంటే ఏ తేదీల మధ్య రికార్డులు, ఎంతకాలం చూడవచ్చో మీరు అనుమతి ఇవ్వాలి, తర్వాత రద్దు కూడా చేసుకోవచ్చు. మీ విషయంలో రెండు యూహెచ్‌ఐడీలు ఒకటయ్యాకే ఆభా జోడించండి, లేకపోతే సగం చరిత్రే ముడిపడుతుంది.

నీలగిరి వాసి:

అందరికీ కృతజ్ఞతలు. పోయిన సోమవారం నాన్నగారిని వెంటబెట్టుకొని వెళ్లాను. నంబర్ మార్పు పది నిమిషాల్లో అయింది. నాన్నగారి బటన్ల ఫోన్ నంబరే అసలు నంబర్‌గా, నాది సహాయకుడి నంబర్‌గా పెట్టించాను. ఓటీపీ చదివి చెప్పమంటే ఆయన మొదట తిట్టారు గానీ, క్రియాటినిన్ ఎంత వచ్చిందని ఇప్పుడు ఆయనే అడుగుతున్నారు.

యూహెచ్‌ఐడీలు కలపడానికి నాలుగు రోజులు పట్టింది. కలిపాక ఒక సంగతి బయటపడింది. 2023 డిశ్చార్జి సమ్మరీలో ఒక యాంటీబయాటిక్ ఇంజెక్షన్ ఆయనకు పడలేదని, ఒళ్లంతా దద్దుర్లు వచ్చాయని రాసి ఉంది. రెండో నంబర్ కింద అలర్జీ గడి ఖాళీగా ఉంది. అంటే ఇన్నాళ్లూ అక్కడి డాక్టర్ గారి తెర మీద ఆ విషయం లేదు. రికార్డుల విభాగంలోని అమ్మాయి దాన్ని నా ఎదుటే సరిచేయించింది.

మాత్రల అట్టల సంచి కూడా నల్లగొండ డాక్టర్ గారికి చూపించాను. అందులో నొప్పుల మాత్రలు మూడు రకాలు దొరికాయి. కేస్ షీటు నకలు చేతికి వచ్చింది. కాలి ఎక్స్‌రే ఫిల్ములు మాత్రం ఇంకా వెతుకుతున్నారట. వచ్చే నెల ఓపీకి వచ్చినప్పుడు తీసుకొమ్మన్నారు.