విదేశాల్లో వాడకానికి ఫారెక్స్ కార్డా, జీరో మార్కప్ కార్డా? వైజాగ్ వాళ్ల అభిప్రాయం కావాలి

ఎంవీపీ_రమ్య: మా చెల్లి పురుడుకి అమ్మా నాన్నా సింగపూర్ వెళ్తున్నారు, నెల రోజులు ఉంటారు. వైజాగ్ నుంచి నేరుగా ఫ్లైట్ ఉంది కాబట్టి ప్రయాణం గురించి బెంగ లేదు. టెన్షన్ అంతా డబ్బు దగ్గరే. నాన్న డెబిట్ కార్డును అక్కడ వాడితే మార్కప్, అంటే కరెన్సీ మార్చినందుకు బ్యాంకు వేసే అదనపు చార్జీ, 3.5 శాతం అని బ్యాంకు చెప్పింది. విదేశీ డబ్బు ముందే నింపుకునే ఫారెక్స్ కార్డు తీసుకోమని అన్నయ్య, ఎఫ్‌డీ మీద ఇచ్చే, ఆ చార్జీ లేని జీరో మార్కప్ క్రెడిట్ కార్డు తీసుకోమని మా ఆయన. ఇంట్లో తేలడం లేదు.

ద్వారకానగర్_కిశోర్: మీ అన్నయ్య మాటే వినండి. పెద్దవాళ్లకు లెక్క ముందే తేలిపోవాలి. ఈ రోజు రేటుకి సింగపూర్ డాలర్లు నింపుకుంటే రేపు రూపాయి పడినా వాళ్లకు సంబంధం లేదు. కార్డు పోయినా అందులో ఉన్న మొత్తానికే ప్రమాదం. పెన్షన్ పడే ఖాతాకు ముడిపడిన కార్డును పరాయి దేశంలో గీకించడం నాకు అస్సలు నచ్చదు.

ఉక్కునగరం_లెక్కలు: కిశోర్ గారూ, భద్రత విషయంలో మీతో ఏకీభవిస్తాను. ఖర్చు విషయంలో కాదు. 3.5 శాతం మార్కప్ మీద 18 శాతం జీఎస్టీ కలిపితే 4.13 శాతం. అంటే లక్ష ఖర్చు పెడితే 4,130 రూపాయలు ఊరికే పోతాయి. దాన్ని తప్పించుకోవడానికి ఫారెక్స్ కార్డు తీసుకుంటే, బ్యాంకు అమ్మే రేటే మార్కెట్ రేటు కన్నా పైన ఉంటుంది. ఆ తేడాను ఎవరూ ఫీజు అని పిలవరు, రసీదులో విడిగా కనిపించదు. దానికి తోడు నింపడానికి, ఏటీఎంలో తీయడానికి చార్జీలు. మిగిలిన డబ్బు వెనక్కి తీసుకునేటప్పుడు మళ్లీ తక్కువ రేటు. అమెరికా డాలర్లు నింపిన కార్డును సింగపూర్ డాలర్లకు వాడితే, ఒక కరెన్సీ నుంచి ఇంకో దానికి మార్చినందుకు క్రాస్ కరెన్సీ చార్జీ కూడా పడుతుంది. జీరో మార్కప్ కార్డులో అయితే వీసా లేదా మాస్టర్‌కార్డ్ వాళ్ల రేటు మాత్రమే పడుతుంది. వాళ్ల సైట్లలో ఎవరైనా చూసుకోవచ్చు.

రిటైర్డ్_బ్యాంకర్_సీతమ్మధార: బాబూ, లెక్క బాగుంది. కానీ ఆ కార్డుతో ఏటీఎంలో నగదు తీస్తే? క్రెడిట్ కార్డు కదా, చాలా కార్డులకు నగదు ఫీజు ఉంటుంది, వడ్డీ తీసిన రోజు నుంచే మొదలవుతుంది. అది పెద్దవాళ్లకు ఎవరూ చెప్పరు. ఇంకో మాట. 2020 అక్టోబరు నుంచి రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం కొత్త కార్డుల్లో విదేశీ వాడకం ఆపేసే ఇస్తారు. యాప్‌లో మనమే ఆన్ చేసుకోవాలి, పరిమితి కూడా పెట్టుకోవాలి. కిశోర్ చెప్పిన భయానికి మందు అదే. రమ్య తల్లీ, ఆ పని ఇంట్లో కూర్చోబెట్టి నాన్నగారి చేతే చేయించండి.

ఓడల_మనిషి_గాజువాక: మర్చంట్ నేవీలో పనిచేస్తాను, ఒక్కో పోర్టులో ఒక్కో కరెన్సీ. మీరంతా కార్డు గురించి కొట్టుకుంటున్నారు గానీ, డబ్బు పోయేది కౌంటర్ దగ్గర. మెషీన్ మీద రెండు మొత్తాలు కనిపిస్తాయి, ఒకటి సింగపూర్ డాలర్లలో, ఒకటి రూపాయల్లో. మనవాళ్లు రూపాయలు చూడగానే హమ్మయ్య అనుకుని దాన్నే నొక్కుతారు. అక్కడ రేటు పెట్టేది మన బ్యాంకు కాదు, ఆ దుకాణం తరఫు కంపెనీ. తేడా నాలుగైదు శాతం ఉన్నా ఆశ్చర్యం లేదు. పైగా విదేశంలో రూపాయల్లో చెల్లించినా మన బ్యాంకుల్లో చాలావాటికి దాని మీద వేరే చార్జీ ఉంది. అంటే ఎంత మంచి జీరో మార్కప్ కార్డు ఉన్నా ఆ ఒక్క నొక్కుతో దాని లాభం పోతుంది. ఏటీఎంలోనూ అంతే, రూపాయల్లోకి మార్చి లెక్క కడతాం అంటే వద్దనాలి. వద్దన్నా లావాదేవీ ఆగదు. దుకాణంవాళ్లు అడగకుండా రూపాయల్లో కొట్టేస్తే రద్దు చేసి మళ్లీ కొట్టమనండి. మొహమాటం అక్కర్లేదు, అది మన హక్కు.

ద్వారకానగర్_కిశోర్: ఇది ఒప్పుకుంటాను. అయినా ఇన్ని మీటలు గుర్తుపెట్టుకోమని అమ్మకు చెప్పడం కన్నా నింపిన కార్డు ఇవ్వడమే సుఖం అంటాను. లక్షకు వెయ్యో రెండు వేలో తేడా ఉంటే ఉండనీ.

ఉక్కునగరం_లెక్కలు: ఆ వెయ్యి రెండు వేలు కూడా పెన్షన్ డబ్బే కదండీ. పైగా ఫారెక్స్ కార్డు చేతిలో ఉన్నా రూపాయలా, సింగపూర్ డాలర్లా అని మెషీన్ అడగొచ్చు. మీట గుర్తుపెట్టుకోవడం ఎలాగూ తప్పదు.

ఎంవీపీ_రమ్య: అందరికీ థాంక్స్ అండీ. హోటల్ లేదు, చెల్లి ఇంట్లోనే ఉంటారు, కాబట్టి పెద్ద ఖర్చులు లేవు. దుకాణాలకు జీరో మార్కప్ కార్డు, చేతి ఖర్చుకు ఇక్కడే మార్చుకున్న కొద్ది నగదు ఇద్దామనుకుంటున్నాం. బస్సు, రైలుకి అదే కార్డు వాడొచ్చా?

ఓడల_మనిషి_గాజువాక: పనిచేస్తుందమ్మా. కానీ విదేశీ కార్డుకి వాడిన రోజుల్లో కొంత అదనపు చార్జీ వేస్తారు. రోజూ తిరిగేట్టయితే స్టేషన్‌లో ఈజీ-లింక్ కార్డు, అంటే అక్కడి బస్సు, రైలుకి డబ్బు నింపి వాడే కార్డు, కొనిపెట్టమనండి మీ చెల్లిని.