అప్పుల్లో ఉన్న దేశానికి వెల్త్ ఫండ్ ఏంటి? ఇందల్వాయి టోల్ దగ్గర వచ్చిన డౌటు

నిజామాబాద్ కారు:
నెలకి నాలుగైదుసార్లు హైదరాబాద్ వెళ్తుంటాను. మొన్న ఇందల్వాయి టోల్‌ప్లాజా దగ్గర ఫాస్టాగ్‌లో బ్యాలెన్స్ లేక, బండి పక్కకి తీసి రీచార్జ్ చేస్తుంటే కొలీగ్ అన్నాడు, ఈ రోడ్డు ఎన్ఐఐఎఫ్ (నేషనల్ ఇన్వెస్ట్‌మెంట్ అండ్ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ ఫండ్) కొనుక్కుంది, అది మన దేశపు సావరిన్ వెల్త్ ఫండ్, అంటే దేశం తరఫున డబ్బు పెట్టుబడి పెట్టే నిధి, నువ్వు కట్టే టోల్ తిరిగి దేశానికే పోతుంది అని. నాకైతే ఎక్కలేదు. నార్వే అంటే చమురు అమ్మగా మిగిలింది దాచుకుంటోంది. మనకి ఏటా బడ్జెట్ లోటే కదా, 2025-26 అంచనాయే జీడీపీలో 4.4 శాతం. ఇది అప్పు చేసి పప్పుకూడు కాదా? రేపు మన పీఎఫ్ డబ్బు కూడా ఇందులోకి లాగుతారా? తెలిసినవాళ్లు చెప్పండి.

లెక్కల బాబాయ్:
తమ్ముడూ, పేరు చూసి మోసపోకు. 2015 బడ్జెట్‌లో జైట్లీ ప్రకటించినప్పుడే ఇది దాచుకునే హుండీ కాదు. బిల్డర్ సగం తను పెట్టి మిగతాది అమెరికా బావమరిది చేత పెట్టించి అపార్ట్‌మెంట్ లేపుతాడు చూడు, అదీ లెక్క. కేంద్రం వాటా 49 శాతం. 2017లో అబుదాబి వాళ్లు వచ్చారు, తర్వాత సింగపూర్ ప్రభుత్వ పెట్టుబడి కంపెనీ టెమాసెక్, ఆస్ట్రేలియా పెన్షన్ ఫండ్, కెనడాలో ఒంటారియో టీచర్ల పెన్షన్ ఫండ్. 2020 చివరికి వీళ్లందరి డబ్బూ కలిపిన మాస్టర్ ఫండ్ (ఎన్ఐఐఎఫ్‌లో ప్రధాన నిధి) 234 కోట్ల డాలర్ల దగ్గర ఆగింది. నీ రోడ్డు కొన్నది ఆ ఫండే. అంటే నువ్వు కట్టే టోల్‌లో ఖర్చులూ వడ్డీలూ పోగా మిగిలిన లాభంలో ఎంతోకొంత కెనడాలో రిటైరైన టీచరమ్మకి చేరుతుంది. మీ కొలీగ్ చెప్పింది సగమే నిజం.

విజయనగరం వాసు:
బాబాయ్ గారూ, 49 దగ్గరే ఎందుకు ఆగారో కూడా చెప్పండి. 51 శాతమో ఆపైనో ఉంటేనే కంపెనీల చట్టం ప్రకారం అది ప్రభుత్వ కంపెనీ, సర్కారు లెక్కలు చూసే కాగ్ ఆడిట్ అప్పుడు దానంతటదే వస్తుంది. మా భోగాపురం ఎయిర్‌పోర్టులో ఎన్ఐఐఎఫ్ వాళ్లు 675 కోట్ల దాకా పెడతామని 2023లో ఒప్పుకున్నారు, సంతోషమే, విమానం దిగితే మాకూ మంచిదే. కానీ ఆ డబ్బు ఏ షరతుల మీద వచ్చిందో మామూలు జనానికి ఎక్కడ తెలుస్తుంది? నిజంగా దాచుకుందామని ఒకసారి చూశాం కూడా. 2005లో పబ్లిక్ సెక్టార్ వాటాలు అమ్మిన డబ్బుతో నేషనల్ ఇన్వెస్ట్‌మెంట్ ఫండ్ పెట్టారు, అసలు ముట్టుకోకూడదు, రాబడే ఖర్చు చేయాలి అన్నారు. 2009లో ఆర్థిక మాంద్యం, కరువు అని చెప్పి, కొత్తగా వచ్చే అమ్మకం డబ్బు మొత్తం పథకాలకే వాడేయొచ్చన్నారు. నాలుగేళ్లు ఆగలేకపోయాం.

సింగపూర్ శీను:
పీఎఫ్ భయం ఉత్త భయం కాదు బ్రో. 2022 చివర్లో ఫిలిప్పీన్స్‌లో మహర్లికా ఫండ్ (వాళ్ల సావరిన్ వెల్త్ ఫండ్) బిల్లు తెచ్చినప్పుడు ముందు ఉద్యోగుల పెన్షన్ సంస్థల మీదే కన్నేశారు. జనం గగ్గోలు పెట్టాక వాటిని తీసేసి రెండు ప్రభుత్వ బ్యాంకుల నుంచి 7,500 కోట్ల పెసోలు తీసుకున్నారు. ఆ తర్వాత ఆ బ్యాంకులే, బ్యాంకు దగ్గర కనీసం ఇంత సొంత డబ్బు ఉండాలనే మూలధనం రూల్స్ సడలించండని అడగాల్సి వచ్చింది. అక్కడ గుంజి ఇక్కడ పూడ్చడమన్నమాట. మలేసియా ప్రభుత్వ ఫండ్ 1ఎండీబీలో డబ్బు కాజేసిన కుంభకోణం సంగతి నేను వేరే చెప్పక్కర్లేదు.

నిజామాబాద్ కారు:
థాంక్స్ అందరికీ. ఒంటారియో టీచరమ్మకి నా టోల్‌లో వాటానా, ఇది ఇంట్లో చెప్తే నవ్వుతారు. బాబాయ్, ఇంతకీ ఎన్ఐఐఎఫ్ వాళ్లు పెట్టిన డబ్బు తిరిగి తీసిన దాఖలా ఏమన్నా ఉందా?

లెక్కల బాబాయ్:
ఉంది. సోలార్, విండ్ కంపెనీ అయానా. 2025లో అప్పులతో కలిపి దాదాపు 19,500 కోట్లకి అమ్మారు. కొన్నదెవరనుకున్నావ్, ఓఎన్‌జీసీ, ఎన్టీపీసీ కలిసి పెట్టిన కంపెనీ.

విజయనగరం వాసు:
అంటే ఈ జేబులోంచి ఆ జేబులోకి!

లెక్కల బాబాయ్:
పూర్తిగా కాదు వాసూ. బయటివాళ్ల వాటా డబ్బు నిజంగానే వాళ్ల చేతికి వెళ్లింది, అది చూసే రేపు ఇంకొకడు ధైర్యం చేసి పెడతాడు. కానీ కొనుగోలుదారు కూడా సర్కారీ కంపెనీయే కావడం నాకూ మింగుడుపడలేదు, ఆ మాట ఒప్పుకుంటా.