సెప్టెంబరు 19 కార్యక్రమం: చీపురుకర్ర, దూబగుంట, ఎవరెవరికి ఏ పని

ఎగ్జిబిషన్ బాధ్యురాలు:
అందరికీ నమస్తే. ఆక్లాండ్‌లో పోయినేడు మహిళల కార్యక్రమమంటే ముగ్గుల పోటీ పెట్టి, చీరలు పంచి ఊరుకున్నాం. ఈసారి హాలు సెప్టెంబరు 19న దొరికింది. 1893లో సరిగ్గా ఆ రోజే ఈ న్యూజిలాండ్‌లో ఆడవాళ్ల ఓటు హక్కు చట్టమైంది. స్వయంపాలన ఉన్న దేశాల్లో ఇదే మొదటిది. అందుకని ఒక గోడ మీద ఆ ఓటు కోసం పోరాడిన కేట్ షెపర్డ్, ఎదుటి గోడ మీద నెల్లూరు జిల్లాలో సారా మీద పోరాడిన మన దూబగుంట రోసమ్మ.

ఈ ఇద్దరికీ ఏం సంబంధమని కమిటీలో అడిగారు. సంబంధం మందే. షెపర్డ్ పనిచేసింది మద్యం మాన్పించాలని తిరిగే క్రైస్తవ మహిళా సంఘంలో. ఓటు లేనివాళ్ల అర్జీని పార్లమెంటు పట్టించుకోకపోయేసరికి, ముందు ఓటే కావాలని పట్టుబట్టారు. 1891లో 9 వేల పైచిలుకు సంతకాలు, మరుసటేడు 20 వేల పైన, 1893లో దాదాపు 32 వేలు. ఆ చివరిసారి కాగితాలన్నీ వరసగా అంటించి చీపురుకర్రకు చుట్టారు. పొడవు 270 మీటర్ల పైనే! మన హాలు 20 మీటర్లు కూడా లేదు, ఓ ముక్క చేస్తే చాలు. వచ్చినవాళ్లందరితో దాని మీద సంతకం పెట్టిద్దాం.

స్కిట్ టీమ్:
అక్కా, దూబగుంట మాకు వదిలెయ్యండి. రాత్రి బడి సీనుతో మొదలుపెడతాం. అక్షరాస్యత వాచకంలో ఆడవాళ్లు ఏకమై సారా దుకాణం మూయించిన పాఠం ఉంటుంది కదా, అది చదివి దూబగుంట ఆడవాళ్లూ తమ ఊళ్లో మూయించారు. 1992లో నెల్లూరు జిల్లాలో సారా వేలంపాటలకు అడ్డం పడ్డారు. 1993 అక్టోబరు 1న ఆంధ్రప్రదేశ్ అంతటా సారా నిషేధం వచ్చింది. చేతుల్లో చీపుళ్లు, కారప్పొడి! అంటే చీపురు రెండు గోడల మీదా ఉందన్నమాట. రోసమ్మ వేషానికి నెల్లూరు మాట వచ్చినవాళ్లు చెప్పండి.

కమిటీ సభ్యుడు:
అమ్మా, మొదటి బోర్డు వీరేశలింగం గారిది కావద్దా? 1881లో రాజమండ్రిలో వితంతు వివాహం జరిపించిన మనిషి. ఇంకో మాట, భోజనాల తర్వాత మనవాళ్లు బీర్లు తెరుస్తారు. స్కిట్ చూసి నొచ్చుకోరు కదా?

ఎగ్జిబిషన్ బాధ్యురాలు:
బాబాయ్‌గారూ, ఆయనకు రెండో బోర్డు ఉంది. మొదటిది భండారు అచ్చమాంబది. 1902లో బందరులో బృందావన స్త్రీ సమాజం పెట్టిన మనిషి, 30 ఏళ్లకే పోయింది. ప్రతిసారీ మన కథ మగవాళ్ల దయతోనే మొదలవడం నాకు నచ్చదు. ఆమెకు చదువు అబ్బింది తమ్ముడి వల్లే కదా అంటారని తెలుసు, అదీ రాస్తాను.

బీర్ల గురించి టెన్షన్ వద్దు. ఆంధ్రప్రదేశ్‌లో 1995లో పెట్టిన సంపూర్ణ మద్యనిషేధం 1997లో సడలింది. ఇక్కడా 1919 ఓటింగులో నిషేధం గెలిచేదే, సైనికుల ఓట్లు లెక్కపెట్టేసరికి ఓడిపోయింది. ఇవి దాచం. ఓటు వచ్చినా 1919 దాకా ఇక్కడి ఆడవాళ్లు పార్లమెంటుకు పోటీ చేయలేకపోయారు, అది కూడా పెడతాను.

వంటల టీమ్:
తెల్ల కమేలియా పూలు మా పెరట్లో ఉన్నాయి. 1893లో ఆడవాళ్ల ఓటుకు మద్దతిచ్చిన పార్లమెంటు సభ్యులకు ఇచ్చింది అవే కదా? ఓ బుట్టెడు తెస్తాను. పులిహోర 80 మందికి చాలా, 100 మందికా?

స్కిట్ టీమ్:
100. చీపురుకర్ర మా గరాజ్‌లో ఉంది, కానీ ప్లాస్టిక్‌ది. చెక్కది ఎవరి దగ్గరైనా ఉందా?