స్పౌట్‌కి తెలుగు: కొమ్మా, ముక్కా, గరాటా?

పోస్టు: సభ్యులకు నమస్కారం. సైన్యం వాడి వదిలేసిన పెట్రోలు డబ్బాల గురించి ఒక చిన్న వాడుక పత్రాన్ని తెలుగులో పెడుతున్నాను. మీరు చూసే ఉంటారు, 20 లీటర్లు పట్టే ఇనప డబ్బా, పక్కల మీద ఇంటూ గుర్తులా నొక్కులు, పైన మూడు పిడులు. మొదటి వాక్యం దగ్గరే బండి ఆగింది. ఆ సర్‌ప్లస్ డబ్బాకి తగిన స్పౌట్, అంటే పెట్రోలు పొయ్యడానికి మూతికి తగిలించే గొట్టం, వెతుక్కోమని చెప్పాలి. నాకన్నా ముందు ఈ పని మొదలుపెట్టినవారు “అదనపు ఇంధన డబ్బాకు సరైన చిమ్ముడు గొట్టం” అని రాసి వదిలేశారు. చిమ్ముడు అనగానే నాకు పిచికారీ గుర్తొస్తోంది. చిమ్మకూడదనే కదా ఆ గొట్టం పెట్టేది! “అదనపు” కూడా కుదరదు. అదనపు డబ్బా అంటే ఉన్నవాటికి తోడు మరొకటి. ఇదేమో అక్కర తీరాక సైన్యం అమ్మేసిన సరుకు. “పాత మిలిటరీ డబ్బా” అని నేను సరిపెట్టుకున్నాను, కాదనేవాళ్ళుంటే చెప్పండి. స్పౌట్ మాత్రం తేలడం లేదు. గరాటు అనేస్తే పోదా?

వ్యాఖ్య: గరాటు వద్దండీ. గరాటు పుచ్చుకునే పాత్ర మూతిలో కూర్చుంటుంది. మీరు చెప్పేది ఇచ్చే పాత్ర మూతికి తగిలేది. ఒలక్కుండా చూడడం రెండింటి పనీ అయినా చోట్లు వేరు.

వ్యాఖ్య: కొమ్ము అనండి. కొమ్ముచెంబు అనే మాట చేతిలో ఉండగా ఈ వెతుకులాట ఎందుకు? గిండికి ఉన్నదీ, జారీకి ఉన్నదీ కొమ్మే. లోపల బోలుగా ఉండి, పాత్ర పొట్ట పక్కనుంచి మొలిచి పైకి లేస్తుంది కనక ఆ పేరు. ఉగ్గుగిన్నెకు ఉన్నది వేరు, దాని అంచునే కొంచెం సాగదీసి కాలువలా నొక్కుతారు, అది ముక్కు. ఇక కుండ సంగతి. దానికి కొమ్మూ లేదు, ముక్కూ లేదు, ఉన్నదల్లా మూతే. అందుకే దాన్ని వంచితే ధార రాదు, ఒక్కసారిగా దబ్బున పడుతుంది. కుండపోత వాన అన్న మొదటి మనిషికి పాత్రల సంగతి బాగా తెలుసు.

వ్యాఖ్య: మాస్టారూ, జారీ అన్నారు కాబట్టి అడుగుతున్నా. ఈ డబ్బాని జెర్రికాన్ అంటారు కదా, ఆ జెర్రీ మన జారీయేనేమో?

వ్యాఖ్య: వినడానికి బాగుంది గానీ కాదు నాయనా. ఆ డబ్బాని 1930లలో జర్మన్ సైన్యం కోసం తయారుచేశారు. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సిపాయిలు జర్మన్లను జెర్రీలని పిలిచేవాళ్ళు. తమ పల్చటి రేకు డబ్బాలు కారిపోతుంటే, పట్టుబడ్డ జర్మన్ డబ్బాలు చూసి ముచ్చటపడి జెర్రీల డబ్బా అన్నారు. మన జారీకి చుట్టం హిందీ ఝారీ. రెండు మాటలు చెవికి ఒకేలా తగిలినంత మాత్రాన వియ్యం కలపకూడదు.

వ్యాఖ్య: నేను బళ్ళు బాగుచేసే మనిషిని. మాటల గొడవ మీరు చూసుకోండి గానీ, వస్తువు ఏమిటో తేల్చుకోకుండా పేరు పెడుతున్నారనిపిస్తోంది. ఈ డబ్బాల మూతులు అన్నీ ఒకటి కావు. జర్మన్ నమూనాకి మీట ఉన్న మూత, నొక్కి బిగిస్తే చాలు, మర తిప్పే పని లేదు. దాని గొట్టం కూడా అలాగే మీటతో బిగుస్తుంది. అమెరికా వాళ్ళు యుద్ధకాలంలో దాన్ని చూసి చేసుకున్న డబ్బాకి మరమూత పెట్టారు. రెంచితో తిప్పి తియ్యాలి, పొయ్యడానికి గరాటు కావాలి. అంటే పోస్టు పెట్టినాయన గరాటు అనడం ఆ ఒక్క డబ్బా విషయంలో తప్పు కాదు! మీట మూతి డబ్బాకి మర తిప్పి బిగించే గొట్టం తెస్తే అది తగులుకోదు. మరల్లోనూ అన్నీ ఒక కొలత కాదు. ఇంకో ముఖ్యమైన సంగతి, గొట్టం మొదట్లో రబ్బరు వాషరు ఉంటుంది. పాత సరుకులో అది ఎండి పగిలిపోయి ఉంటుంది. అప్పుడు గొట్టం ఎంత సరిగ్గా అమరినా మెడ దగ్గర కారుతుంది.

రెండో కొస కూడా చూడాలి. సీసం లేని పెట్రోలు వచ్చాక కార్ల ట్యాంకు మెడని కావాలనే సన్నం చేశారు, సీసం ఉన్న పెట్రోలు పట్టే లావు గొట్టం దూరకుండా. అందుకని పాతకాలపు లావు గొట్టం డబ్బాకి చక్కగా పట్టినా కారులో దిగదు. ఇక గాలి. పెట్రోలు బయటికి పోయినంత మేరా లోపలికి గాలి పోవాలి. దారి లేకపోతే డబ్బా గుడగుడమంటూ గుటకలు వేస్తుంది, ప్రతి గుటకకీ చేతిమీద చిందుతుంది. జర్మన్ డబ్బా మెడలోనే గాలికి సన్నటి గొట్టం ఒకటి పెట్టారు, మహానుభావులు. ఇన్ని పనులున్నదాన్ని కొమ్ము అంటే నాకు మనసొప్పడం లేదు. కొమ్ము ఊడదు, ఇది ఊడుతుంది.

వ్యాఖ్య: “కొమ్ము ఊడదు, ఇది ఊడుతుంది.” నా వాదన అంతా ఈ ఒక్క మాటతో పడిపోయింది. ఒప్పుకుంటున్నాను. అతికి పుట్టినది కొమ్ము, తగిలించుకునేది గొట్టం. ఇక గొట్టానికి ముందు ఏ మాట చేర్చాలన్నదే మిగిలింది.

వ్యాఖ్య: పోతగొట్టం? పోతపాలు, కుండపోత ఉన్నాయిగా.

వ్యాఖ్య: ఉన్నాయి. కాని గొట్టం పక్కన పోత చేరితే పోత ఇనుములాగా, కరిగించి పోతపోసి చేసిన గొట్టమని అర్థమవుతుంది. ఒంపు మేలు. పోయడమంటే ఎలాగైనా పోయొచ్చు, చెంబుతో ముంచి కూడా. ఒంపడమంటే పాత్రను వాల్చే పొయ్యాలి. ఈ డబ్బాతో చేసే పని అచ్చంగా అదే.

పోస్టు పెట్టినవారు: అందరికీ ధన్యవాదాలు. ఇలా మార్చాను: “పాత మిలిటరీ డబ్బా కొన్నాక, దాని మూతి మీట రకమో మర రకమో చూసి, దానికి పట్టే ఒంపుగొట్టం వెతకండి. కొస మీ ట్యాంకు మూతిలో దిగుతుందో లేదో చూసుకోండి.” వాషరు సంగతి తర్వాతి వాక్యంలో చేర్చాను, గాలి సంగతికి ఒక బొమ్మ వేస్తున్నాను.

వ్యాఖ్య: వాక్యం బాగుంది. ఒంపుగొట్టాన్ని మాత్రం వంపుగొట్టం కానివ్వకండి. వకారంతో రాస్తే వంకర తిరిగిన గొట్టమనుకుంటారు.

వ్యాఖ్య: మాస్టారూ, వంకర తిరిగినదే కొనాలి. తిన్నటిది కొంటే అది ట్యాంకులో దిగేలోపే డబ్బా అంచు కారు రంగు గీకేస్తుంది. మీరు ఎలా రాసినా నాకు ఫరవాలేదు.