బతుకమ్మ వేడుకలో పూలగది: వాలంటీర్లు చూడండి

నల్లగొండ అక్క (కార్యక్రమం బాధ్యత):
అందరికీ నమస్తే. నల్లగొండలో అమ్మ దగ్గర నుంచి రాస్తున్నా, వచ్చే వారం క్యాన్సస్ సిటీకి వచ్చేస్తా. ఇత్తడి తాంబాలాలు ఇక్కడే కొంటున్నా. హాలు ఖరారైంది, సౌండ్ సంగతి మిర్యాలగూడ తమ్ముడు చూసుకుంటాడు. నా ఆరాటమంతా పొద్దుటి పూట పెట్టుకున్న పూలగది గురించే. ఇక్కడ మనం పడే వివక్ష గురించి మనసు విప్పి మాట్లాడుకోవడానికే ఆ గది.

2017 ఫిబ్రవరి 22న మన పక్కనున్న ఓలేత్‌లో తెలుగు ఇంజినీర్ శ్రీనివాస్ కూచిభొట్లను జాతి ద్వేషంతో కాల్చి చంపినప్పుడు మన ఇళ్లల్లో ఎంత భయం పట్టుకుందో గుర్తుందిగా. బయట తెలుగులో ఫోన్ ఎత్తాలన్నా అటూ ఇటూ చూసేవాళ్లం. అంత ఘోరాలు రోజూ జరగవు. రోజూ జరిగేవి చిన్నవి: యాసను వెక్కిరించడం, షాపులో వెనకాలే నడవడం. వాటికీ ఒళ్లు బిగుసుకుంటుంది, నిద్ర చెడుతుంది, బీపీ పెరుగుతుంది. వివక్ష భారం అమెరికాలో నల్లజాతి మహిళల ఆరోగ్యాన్ని వయసుకు ముందే అరగదీస్తుందని ఆర్లీన్ జెరోనిమస్ అనే పరిశోధకురాలు 1992లోనే ప్రతిపాదించారు.

యోగా క్లాసు పెడితే చాలన్న సలహా వచ్చింది. నిదానంగా ఊపిరి తీస్తే దడ తగ్గుతుంది, నిజమే. కానీ అవమానించింది ఎదుటివాడైతే, సరిచేసుకోవాల్సింది మన ఊపిరి ఒక్కటే అన్నట్టు ఉండకూడదు. కుర్చీలు వరసగా వేసి ఉపన్యాసం కూడా వద్దు. మన ఊళ్లల్లో బతుకమ్మ పేర్చేటప్పుడు ఎలా కూర్చుంటారు? చాప మీద గుండ్రంగా, గునుగు కాడలు సమానంగా తుంచుతూ, రంగుల్లో ముంచుతూ. చేతులు పనిలో ఉంటే నోటికి మాట తేలిగ్గా వస్తుంది. అత్తగారింటి కష్టాలు మా అమ్మ అక్కడే చెప్పుకునేది. మన గది కూడా అట్లాగే ఉండాలి.

దేవరకొండ వదిన:
బాగుంది. తంగేడు దొరకదు, బంతి, చామంతి కొందాం. గునుగు మా పెరట్లో బాగా వచ్చింది. మా చిన్నోడు స్కూల్లో అన్నం డబ్బా మూత తీయడమే మానేశాడు. "వాసన" అన్నారట. పప్పన్నం అట్లాగే తిరిగొస్తోంది, మెంతిపొడి అంటుకున్న చెంచాతో సహా. పిల్లలకూ చోటు ఉంటుందా?

అచ్చంపేట అన్న:
మగవాళ్లు కూర్చోవచ్చా అక్కా? మా తాత పాలమూరు లేబర్‌లో డ్యాముల పనికి పోయినోడు. మేస్త్రీ తిట్టినా రాత్రి గుడిసెల కాడ నలుగురికి చెప్పుకునేవాళ్లట. మేం ఇక్కడ మాట పడి, కారులో ఒక్కరమే ఇంటికి పోతాం. ఊరికి ఫోన్ చేస్తే "అంతా మంచిదే" అంటాం.

నల్లగొండ అక్క:
తప్పకుండా రండి అన్నా, పూలు తుంచడం నేర్పిస్తాం. వదినా, పిల్లలకు పక్కనే వేరే చాప వేద్దాం. పెద్దల ముందు వాళ్లు చెప్పరు.

గదిలో ఫొటోలు, వీడియోలు వద్దు. అక్కడ విన్నది వాట్సాప్‌లోకి రావద్దు. తెలుగు తెలిసిన కౌన్సెలర్ ఒకరు మనతోపాటే పూలు పేరుస్తూ కూర్చుంటారు, అడిగితేనే మాట్లాడతారు. మనసు మరీ భారమైనవాళ్లు 988కి (అమెరికాలో మానసిక సంక్షోభ సహాయ నంబరు) ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చని గుమ్మం దగ్గర రాసిపెడదాం.

బయట ఒక బల్ల మీద ఫిర్యాదుల సమాచారం ఉండాలి. ఉద్యోగంలో వివక్షపై ఈఈఓసీకి (అలాంటి ఫిర్యాదులు తీసుకునే అమెరికా ప్రభుత్వ సంస్థ) మామూలుగా 180 రోజుల్లోపు వెళ్లాలి, చాలా రాష్ట్రాల్లో ఆ గడువు 300 రోజులు. వీసా మీద పనిచేసేవాళ్లకూ ఆ రక్షణ ఉంది. ఇది మనవాళ్లలో చాలామందికి తెలియదు, వీసా పోతుందన్న టెన్షన్‌తో నోరు మెదపరు. ఈ రక్షణ ఇచ్చే 1964 పౌరహక్కుల చట్టం కోసం నల్లజాతి వాళ్లు దెబ్బలు తిన్నారు, ఇవాళ అది మనకూ అండగా ఉంది. ఆ మాట కూడా బల్ల మీద పెద్దక్షరాలతో ఉండాలి.

మిర్యాలగూడ తమ్ముడు:
ఆ బల్ల దగ్గర నేనుంటా అక్కా. మైకు ఆ గది వైపు తిప్పను.

నల్లగొండ అక్క:
సంతోషం తమ్ముడూ. పూల బకెట్లు పొద్దున 8 గంటలకల్లా హాల్లో ఉండాలి. సత్తుపిండి ఎవరు చేస్తారు? పెద్ద చాపలు ఎవరింట్లో ఉన్నాయో ఇక్కడే రాయండి.